అమ్మ కచేరీల ప్రయాణాలు ఈ ఏడాదైనా మాన్పించేదెలా?

ప్రశ్న: మాది విజయనగరం. నాకు 36 ఏళ్లు, ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. మా అమ్మ ప్రభుత్వ పాఠశాలలో తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. వయసు 63. నాన్నగారు పోయి ఐదేళ్లయింది. అప్పటి నుంచి ఏటా డిసెంబరులో చెన్నై కచేరీలకు, ఆ తర్వాత త్యాగరాజ ఆరాధనకు తిరువయ్యారు వెళ్తోంది. మధ్యలో విశాఖలోనో, విజయవాడలోనో పాట కచేరీ ఉందని తెలిస్తే చాలు, సంచి సర్దుకుంటుంది. కిందటి ఏడాది 40 వేల రూపాయలు ఖర్చయింది. మోకాళ్ల నొప్పులు, బీపీ ఉన్నాయి. గుంపుల్లో ఏదైనా జరిగితే ఎవరు చూస్తారు? ఫోన్‌లో వినమంటే మొహం ముడుచుకుంటుంది. మా ఆవిడకు జనవరి మూడో వారంలో రెండో కాన్పు. మొదటిది పుట్టింట్లో అయింది కనుక ఇది మా ఇంట్లోనే. పెద్దవాడికి నాలుగేళ్లు. ఇదంతా తెలిసీ అమ్మ మాతో మాట మాత్రమైనా అనకుండా టికెట్లు చేయించుకుంది. అక్కడి వాళ్లకు కీర్తనల అర్థం చెప్పి వచ్చానని చిన్నపిల్లలా పొంగిపోతుంది. వాళ్ల బృందంలో ఆమదాలవలసకు చెందిన రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఒకాయన కూడా ఉన్నారు, చుట్టాలు నానా మాటలూ అంటున్నారు. అమ్మ మనసు నొప్పించకుండా ఈ పిచ్చి మాన్పించే మార్గం చెప్పండి.
(ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: ముందు కాన్పు సంగతి తేల్చుకుందాం. మీ ఉత్తరంలో గడువు ఉన్న విషయం అదొక్కటే, తక్కిన వాటికి తొందర లేదు. జనవరి మూడో వారమని డాక్టరు చెప్పిన తేదీ నలభై వారాల లెక్క. 37 వారాలు నిండాక నొప్పులు ఎప్పుడైనా రావచ్చు కనుక, డిసెంబరు ఆఖరు నుంచి ఇంట్లో ఒక పెద్ద దిక్కు ఉండాలని మీరు కోరుకోవడంలో తప్పు లేదు. అయితే చెన్నైలో కచేరీల సీజను డిసెంబరు నడిమికే ఊపందుకుంటుంది. అమ్మగారు మొదటి పది రోజులు విని 25వ తేదీకల్లా ఇల్లు చేరితే మీకు గాని, మీ శ్రీమతికి గాని వచ్చే నష్టం ఏదీ నాకు కనిపించడం లేదు. డాక్టరు ప్రత్యేకించి ఏదైనా జాగ్రత్త చెప్పి ఉంటే అది వేరు. ఆరాధన మాటకొస్తే, అది పుష్య బహుళ పంచమి నాడు, అంటే సాధారణంగా జనవరిలోనే వస్తుంది. కాన్పూ ఆ నెలలోనే కాబట్టి రెండూ పొసగడం కష్టం, ఈ ఒక్క ఏడాదికి దాన్ని వదులుకోమని అమ్మగారిని అడగడం న్యాయమే. అడగడం అంటున్నాను, గమనించండి. మీరు రాసిందేమో మాన్పించడం గురించి.

ఇక్కడే ఇంకో మాట. మీ శ్రీమతి ఏమనుకుంటున్నారో మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు. ఆమెకు అత్తగారి తోడు కావాలో, తన తల్లి వచ్చి పదిహేను రోజులు ఉంటే బాగుండునో, మీరే సెలవు పెట్టి పక్కన ఉంటే చాలునో ఆమెనే అడగండి. రెండో కాన్పు అత్తవారింట్లో అన్న ఆనవాయితీ మన వైపు ఉన్న మాట నిజమే గాని, ఆ చాకిరీ అంతా అత్తగారొక్కరే చేయాలని, బిడ్డ తండ్రికి అందులో పాలు లేదని ఏ ఆనవాయితీలోనూ లేదు. పెద్దవాణ్ణి పొద్దున్నే తయారుచేసి బడికి పంపడం ఇప్పటి నుంచే మీ పనిగా చేసుకుంటే, జనవరి వచ్చేసరికి సగం బెంగ తీరిపోతుంది.

ఇక 'పిచ్చి' అన్న మాట గురించి. విజయనగరంలో ఉండి సంగీతం మీద ఇష్టాన్ని ఆ మాటతో పిలవడం నాకు కొంచెం వింతగా తోచింది. 1919లో సంగీత కళాశాల వెలసిన ఊరు మనది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పింది అక్కడే. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు కుర్రతనంలో ఈ ఊరు వచ్చి, మధుకరం ఎత్తుకుని పొట్ట నింపుకుంటూ పాట నేర్చుకున్నారని మనమందరం గొప్పగా చెప్పుకుంటాం. పాట కోసం ఇల్లిల్లూ తిరిగి అన్నం అడిగిన అబ్బాయిది పట్టుదల అయినప్పుడు, పాట వినడం కోసం సొంత పింఛనుతో రైలెక్కే తల్లిది పిచ్చి ఎలా అవుతుందో మీరే ఆలోచించండి.

ఫోన్‌లో వినమన్నారు. నిజానికి నేను సంగీతం తెలిసిన మనిషిని కాను. ఒకప్పుడు నేనూ అదే మాట మా పిన్నితో అన్నాను. ఆమె నాకు జవాబు చెప్పకుండా, ఒక సాయంత్రం కచేరీకి వెంటపెట్టుకుని వెళ్లింది. మొదటి గంట నేను గడియారం చూస్తూనే ఉన్నాను. ప్రధాన కీర్తనలో గాయని ఒకే ఒక్క పాదాన్ని పట్టుకుని, తిప్పి తిప్పి, ప్రతిసారీ కొత్త దారిలో పాడడం మొదలుపెట్టింది. ఆమె వదిలిన చోటల్లా వయొలిన్ అందుకుంటోంది. ఉన్నట్టుండి మృదంగం దగ్గరున్న పెద్దాయన వాయించడం ఆపి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, నవ్వుతూ ఆమెకేసి చూశారు. ఆ నిశ్శబ్దంలో గొంతు ఒక్కటే నడిచింది. హాల్లో అంతమందీ తొడల మీద తాళం వేస్తూనే ఉన్నారు. ఆమె మళ్లీ పాదం మొదటికి చేరే క్షణానికి మృదంగం వచ్చి సరిగ్గా అక్కడ కలిసింది. మా పిన్ని నా మణికట్టు గట్టిగా పట్టుకుంది, ఎందుకో నాకు కళ్లు చెమర్చాయి. ఆ కచేరీ రికార్డింగు తర్వాత విన్నాను. అందులో అన్నీ ఉన్నాయి గాని ఆ చూపు లేదు, పక్కవాళ్ల తాళం లేదు, తర్వాత ఏమవుతుందో పాడేవారికే తెలియని ఆ ఉత్కంఠ లేదు. ఏ రోజు ఏ రాగం ఎంతసేపు పాడాలన్నది చాలావరకు వేదిక మీదే తేలే సంగీతం అది. అందుకే ఒకే గాయని కచేరీలు వరసగా మూడు వినడానికి అంత దూరం వెళ్లేవారు ఉంటారు, విన్నదే మళ్లీ వింటున్నారని మనకు అనిపించినా సరే.

అయినా మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది సంగీతం కాదు, మీరు కాస్త ఎగతాళిగా రాసిన ఒక వాక్యం. అక్కడి వాళ్లకు కీర్తనల అర్థం చెప్పి వచ్చానని అమ్మగారు పొంగిపోతారన్నారు. చెన్నై సభల్లో వినిపించే త్యాగరాజ కీర్తనల్లో అత్యధిక భాగం తెలుగే. వినేవారిలో మాత్రం చాలామందికి తెలుగు రాదు. భావం తెలియకపోయినా తలలూపుతూ కూర్చునే ఆ హాల్లో, ఒకామె పక్కకు వంగి 'ఈ మాటకు అర్థమేమిటండీ' అని అడిగితే, ఏళ్ల తరబడి పిల్లలకు తెలుగు చెప్పి, రిటైరై, ఆ పైన భర్తను కూడా పోగొట్టుకున్న మనిషికి అది ఎటువంటి పిలుపో ఊహించండి. ఆమె అక్కడ మళ్లీ టీచరమ్మ అవుతున్నారు. ఇంట్లో ఆమెను ఒక మాటకు అర్థం అడిగింది చివరిసారిగా ఎవరు, ఎప్పుడు? మీరు నాకు రాయనక్కర్లేదు, మీలో మీరే చూసుకోండి.

ఖర్చు లెక్క త్వరగా ముగిద్దాం. ఏడాదికి 40 వేలంటే నెలకు మూడున్నర వేల లోపే. ఆమె పింఛను ఎంతో, అందులో ఇంటికి ఎంత ఇస్తున్నారో మీరు రాయలేదు. అప్పు చేసో, నగలు కుదువపెట్టో వెళ్తుంటే చెప్పండి, అప్పుడు నా జవాబు వేరుగా ఉంటుంది. ఆరాధనకు టికెట్టు లేదు, చెన్నైలో కూడా పగటి పూట కచేరీలు చాలా సభల్లో ఉచితం. ఆ డబ్బులో ఎక్కువ భాగం రైలుకు, బసకు, భోజనానికి పోతూ ఉండాలి. సొంత సంపాదన మీద బతికే పెద్దవారు దేనికి ఖర్చు పెట్టారని పిల్లలు అడగవలసిన మొత్తం కాదది.

గుంపుల భయం చదివి మాత్రం నవ్వుకున్నాను, క్షమించండి. సిరిమానోత్సవం రోజున మూడు లాంతర్ల దగ్గర లక్షల మంది మధ్య నిలబడే ఊరివాళ్లం మనం, వరసగా కుర్చీలు వేసిన సభకు భయపడితే ఎలా? మోకాళ్ల విషయం మాత్రం నిజమైనది. రైల్లో 45 ఏళ్లు దాటిన స్త్రీలకు కింది బెర్తు ఇవ్వడంలో ప్రాధాన్యం ఉంది, కాకపోతే ఖాళీ ఉండాలి కనుక, రిజర్వేషను తెరిచే రోజునే, అంటే 60 రోజుల ముందే టికెట్టు తీసుకోవడం మంచిది. పెద్దవారికి ఇచ్చే చార్జీల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, దాన్ని లెక్కలో వేసుకోకండి. తిరువయ్యారులో గంటల తరబడి నేల మీద కూర్చోవలసి ఉంటుంది. ఈ ఏడాదికి ఆ ప్రయాణం వాయిదా వేసుకోమనడానికి కాన్పుతో పాటు ఇది కూడా ఒక కారణంగా చెప్పవచ్చు. బీపీ మాత్రలు నాలుగు రోజులకు ఎక్కువే కట్టి, మందుల చీటీ ఫొటో ఆమె ఫోన్‌లోనూ, తోడు వచ్చే వారి ఫోన్‌లోనూ పెట్టించండి.

తోడు వచ్చేవారన్నాను కనుక ఆమదాలవలస ఆయన దగ్గరికి వస్తున్నాను. ఇక్కడ అచ్చయింది మీ ఉత్తరం సంక్షిప్త రూపమే. అసలు ఉత్తరంలో ఖర్చుకు ఒక పేజీ, ఆరోగ్యానికి అరపేజీ ఇచ్చి, ఆయనకు చివరలో ఒకే ఒక్క వాక్యం కేటాయించారు. మనసును ఎక్కువగా తొలిచే విషయాన్ని మనుషులు తరచుగా ఇలాగే, గుమ్మం దాటబోతూ అన్నట్టుగా చెబుతారు. చుట్టాలు అంటున్నారని రాశారు గాని, అనుమానం మీలోనూ ఉన్నట్టు నాకు తోచింది. అనడానికి చుట్టాలకు ఖర్చేముంది? కచేరీలకు కలిసి వెళ్లే నలుగురిలో ఒకరు మగవారు కావడం, ఆయన రైల్వే మనిషి కనుక టికెట్ల సంగతి ఆయనే చూసుకోవడం లోకంలో లేని విడ్డూరం కాదు. ఆయన్ని ఒకసారి ఇంటికి భోజనానికి పిలవండి. బృందంలోని మిగతావారిని కూడా పిలవండి. మీరు కూర్చుని వారి మాటలు వింటే, నిన్న ఎవరు బాగా పాడారు, ఎవరి శ్రుతి జారిందన్న వాదులాటలే ఎక్కువగా వినిపిస్తాయని నా అంచనా. అంతకు మించి ఏదైనా ఉంటే, 63 ఏళ్ల స్త్రీ తన జీవితం గురించి చెప్పే మాటను పెరిగిన కొడుకుగా వినడానికి మీరు సిద్ధపడాలి, అది మరో ఉత్తరానికి తగిన విషయం. ఈ సంగీతానికి స్త్రీలను దూరంగా పెట్టడం కూడా కొత్త కాదు. తిరువయ్యారులో త్యాగరాజ సమాధి దగ్గర గుడి 1920లలో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారు సొంత సొమ్ముతో కట్టించారు. అదే చోట ఆరాధనలో స్త్రీలకు పాడే వీలు లేకపోతే, ఆమె వారిని కూడగట్టుకుని విడిగా పాడించారు. నలుగురేమంటారో అని ఆమె ఇంట్లో కూర్చుని ఉంటే, ఈనాడు మీ అమ్మగారికి ఆ పందిట్లో చోటు దొరికేది కాదు.

అమ్మగారి వైపు తప్పేమీ లేదని నేను అనను. కోడలు నెలలు నిండే సమయంలో, ఇంట్లో మాట చెప్పకుండా టికెట్లు చేయించుకోవడం సరి కాదు, ఆ మాట ఆమెతో మీరు నేరుగానే అనవచ్చు. కాకపోతే అంతకు ముందు ఎప్పుడు చెప్పినా మీ ఇంట్లో వచ్చిన జవాబేమిటో కూడా గుర్తు చేసుకోండి. అడిగితే వద్దంటారని తెలిసినవారు అడగడం మానేస్తారు. వచ్చే ఏడాది నుంచి వంటింటి గోడ మీది కేలండరులో ఆమె ప్రయాణపు తేదీలు ఆమె చేతనే గుర్తు పెట్టించండి. మీ కాలేజీ పరీక్షలు, పిల్లాడి టీకాలు అదే కేలండరులో ఉంటాయి కనుక, ఎక్కడ ఏది ఢీకొంటుందో ముందే అందరికీ తెలుస్తుంది.

మాట్లాడేటప్పుడు మీ శ్రీమతి ఎదుట కాకుండా, చుట్టాలెవరూ లేని వేళ చూసుకుని, డిసెంబరును, జనవరిని కలపకుండా విడివిడిగా మాట్లాడండి. 'అమ్మా, డిసెంబరు ప్రయాణం నీ ఇష్టం, ఏ రోజుకు తిరిగొస్తావో ఒక్కటి చెప్పు. జనవరిలో మాకు నువ్వు కావాలి, ఉండగలవా?' అంటే చాలు. ఆరాధన మానేస్తానని ఆమే అనవచ్చు. మూడు రోజులకైనా వెళ్లి వస్తానంటే, ఆ మూడు రోజులకు మీ అత్తగారిని రమ్మనండి. ఏ జవాబు వచ్చినా నాన్నగారి పేరు, ఊరివాళ్ల పేరు మధ్యలోకి తేకండి.

ఇంకొక్క పని మీరు చేయాలి. ఈ ఐదేళ్లలో ఆమె వెంట ఒక్క కచేరీకి కూడా మీరు వెళ్లలేదని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమైంది. చెన్నై దాకా అక్కర్లేదు. విశాఖ కళాభారతిలో కచేరీ ఉన్న రోజు చూసుకుని, కాన్పు హడావిడి మొదలవక ముందే ఆమెను మీరే తీసుకెళ్లండి. పక్కనే కూర్చోండి, తెలియని చోట అర్థం అడగండి. ప్రధాన కీర్తన అయ్యాక మృదంగం ఒంటరిగా అందుకుంటుంది. హాల్లో సగం మంది కాఫీకని లేచేది అప్పుడే, నిజమైన రసికులకు ఒళ్లు మండేదీ అప్పుడే. మీరు మాత్రం లేవకండి.