మందు మార్చినా ఎర్రనల్లి చావడం లేదు, ఎందుకు?

సందేహం: ఎకరంన్నరలో వంగ వేశాను. ఎండలు ముదిరాక ఆకుల మీద తెల్లటి సూదిపోట్ల లాంటి చుక్కలు వచ్చాయి. ఇప్పుడు ఆకులు కంచు రంగుకు తిరుగుతున్నాయి. అడుగున ఎర్రనల్లి, సన్నటి గూడు ఉన్నాయి. ఫెనజాక్విన్ కొడితే మొదటిసారి బాగా తగ్గింది, రెండోసారి అంతగా తగ్గలేదు. మందు మార్చి ఫెన్‌పైరాక్సిమేట్ కొట్టాను, డోసు కూడా పెంచాను. అయినా చావడం లేదు. ఇవి నకిలీ మందులా?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

సలహా: నకిలీ మందైతే మొదటిసారే పనిచేసేది కాదు. మొదట బాగా తగ్గి, తర్వాత తర్వాత తగ్గకపోతే నల్లి మందును తట్టుకునే శక్తి తెచ్చుకుందని అనుమానించాలి. మీరు మందు పేరు మార్చారు గానీ అది పనిచేసే తీరు మారలేదు. మందులను అవి పనిచేసే తీరును బట్టి గ్రూపులుగా విడదీసి నంబర్లు ఇస్తారు. ఫెనజాక్విన్, ఫెన్‌పైరాక్సిమేట్ రెండూ 21ఏ గ్రూపువే. నల్లి కణాల్లో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలో రెండూ ఒకే చోట పట్టుకుంటాయి. అక్కడి ప్రొటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, రెండింటికీ పట్టు చిక్కదు. పచ్చదోమకు కొట్టే టోల్‌ఫెన్‌పైరాడ్ కూడా ఈ గ్రూపుదే. అది వాడి ఉంటే ఆ పిచికారీని కూడా లెక్కలో వేసుకోండి.

మందు నల్లిని మార్చదు. వేల నల్లుల్లో ఏ ఒకటి రెండో పుట్టుకతోనే ఆ మార్పుతో ఉంటాయి. మిగతావి చస్తే చేనంతా వాటిదే. విత్తనానికి మీరు మంచి కాయలు ఏరి ఉంచుకున్నట్టే, ప్రతి పిచికారీ మొండి నల్లులను ఏరి ఉంచుతుంది. ఈ పని నల్లిలో మిగతా పురుగుల కంటే వేగంగా జరుగుతుంది. 30 డిగ్రీల వేడిలో గుడ్డు పెద్ద నల్లి కావడానికి పది రోజులు కూడా పట్టదు. ఒక్కో ఆడ నల్లి వంద దాకా గుడ్లు పెడుతుంది. మగతో కలవని ఆడ కూడా గుడ్లు పెడుతుంది, వాటి నుంచి మగవే పుడతాయి. ఆ మగవాటికి తల్లి జన్యువులు తప్ప వేరే జత ఉండదు. కాబట్టి తట్టుకునే జన్యువు చాటున ఉండిపోకుండా వెంటనే బయటపడుతుంది. గాలికి కొట్టుకొచ్చిన ఒక్క ఆడ నల్లి, తన కొడుకుతోనే కలిసి కొత్త గుంపును మొదలుపెట్టగలదు. కూరగాయల మీద వచ్చే టెట్రానికస్ అర్టికే అనే నల్లి ప్రపంచంలో ఎక్కడో ఒకచోట 90కి పైగా రసాయనాలను తట్టుకున్నట్టు నమోదైంది.

అందుకే డోసు పెంచడం మానేయండి. నల్లి చావదు, దాన్ని తినే చిన్న నల్ల అక్షింతల పురుగులు, పరభక్షక నల్లులు చస్తాయి, అవశేషాలు తినే కాయల్లో మిగులుతాయి. కాయతొలుచు పురుగుకు సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిథ్రాయిడ్లు కొడుతున్నారేమో మీరు రాయలేదు. కొడుతుంటే వెంటనే ఆపండి, నల్లి విజృంభించడానికి చాలా చేలల్లో అసలు కారణం అవే. వడలిన కొమ్మలు తుంచి నాశనం చేయడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం ఆ పురుగుకు ముందు చేయాల్సిన పనులు. రసం పీల్చే పురుగులకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ కూడా నల్లిని చంపదు.

ఇప్పుడు స్పైరోమెసిఫెన్ 22.9 ఎస్‌సి లీటరు నీటికి 0.8 మి.లీ. కలిపి కొట్టండి. ఇది 23వ గ్రూపుది, గుడ్లు, పిల్లల మీద బాగా పనిచేస్తుంది. పెద్ద నల్లులు వెంటనే రాలవు, వారం ఆగి చూడాలి. మూడో రోజుకే ‘పనిచేయలేదు’ అని మరో మందు కొట్టకండి. అవసరమైతే 10–12 రోజులకు ప్రొపార్గైట్ 57 ఈసీ లీటరుకు 2 మి.లీ. కొట్టండి. ఈ పంటలో ఈ రెండింటిలో దేన్నీ మళ్లీ వాడకండి, 21ఏ గ్రూపు జోలికి అసలే వెళ్లకండి. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలపకండి. డబ్బా మీద రాసిన గడువు దాటాకే కాయలు కోయండి.

పిచికారీ ఎలా చేశారన్నది కూడా ముఖ్యమే. నల్లి ఆకు అడుగున, గూడు చాటున ఉంటుంది. పై నుంచి కొట్టిన మందు దానికి తగలదు. నాజిల్ పైకి తిప్పి, ఆకు అడుగు పూర్తిగా తడిసేలా ఎకరాకు 200 లీటర్ల నీటికి తగ్గకుండా వాడండి. ప్రొపార్గైట్ కొట్టిన నాలుగో రోజున చేలో అక్కడక్కడ ఇరవై ఆకులు తెంపి భూతద్దంతో అడుగు చూడండి. ఆరు కాళ్ల లేత పిల్లలే ఉంటే అవి గుడ్ల నుంచి కొత్తగా వచ్చినవి, మందు పనిచేసినట్టే. బాగా తడిసిన ఆకుల మీద కూడా ఎనిమిది కాళ్ల పెద్ద నల్లులు చురుగ్గా తిరుగుతుంటే, ఆ మందుకూ తట్టుకుంటున్నాయని అనుకోవాలి. అప్పుడు ఆ ఆకులను కవరులో వేసుకుని దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి.

చివరి కోత కాగానే వంగ మోళ్లను చేలో నిలబెట్టకండి. పీకి తగలబెట్టిన తర్వాతే పక్క మడిలో బెండ వేయండి. లేకపోతే ఈ మొండి నల్లులే ఆ మొక్కల మీదికి పాకుతాయి.