ముందు ఆ రెండో ట్యూషన్ మాన్పించు

అమలాపురం

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. పిల్లాడు నాలుగో తరగతికొచ్చినా వత్తులు కలిపి చదవలేకపోతున్నాడని రెండో ట్యూషన్ కూడా పెట్టించావట. ముందు అది మాన్పించు. బడిలో పొద్దున్నుంచీ రానిదాన్నే సాయంత్రం మళ్లీ రెండుచోట్ల చేయిస్తే వాడికి భయం తప్ప ఇంకేం రాదు.

పంతులమ్మగా ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. లెక్క నోటితో టక్కున చెప్పేస్తారు, కాగితం మీద పెట్టలేరు. మ, య కలిసిపోతాయి. చదివిన లైనే మళ్లీ చదువుతారు. డిస్లెక్సియా అయ్యుండొచ్చు, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది. దానికీ తెలివికీ సంబంధం లేదు.

నాకు దిగులేసింది వత్తుల గురించి కాదు. సోమవారం పొద్దున్నే కడుపునొప్పి అంటాడనీ, ఆదివారం కొబ్బరితోటలో గంతులేసేటప్పుడు ఆ నొప్పే ఉండదనీ రాశావే, దాని గురించి. నాటకమనుకోకు. బడి టెన్షన్‌కి పిల్లలకి కడుపునొప్పి నిజంగానే వస్తుంది. ‘నాకేం రాదు’ అని వాడు రోజూ అంటున్నాడంటే, ఎవరో ఒకరి నోట విన్నదే.

చుట్టాలొచ్చినప్పుడు పేపరిచ్చి చదవమనకండి. సంక్రాంతికి మీ ఆడపడుచు పిల్లలొస్తే మార్కుల ముచ్చట రానివ్వకు. మీ అత్తగారు ‘మొద్దు’ అన్నప్పుడు నెమ్మదిగానే చెప్పు, ఆ మాట వద్దని. కష్టమే, ఆవిడ సంగతి నాకు తెలీదా! కాలవలో గాలం బాగా వేస్తాడన్నావు. మార్కులు రాలేదని ఆ గాలం మాత్రం లాక్కోకు. ప్రస్తుతం వాడు తలెత్తుకుని చేసే పని అదొక్కటే.

వాడికీ విషయం చెప్పు: ‘చదవడం నీకు కష్టమవుతోంది, తెలివి లేక కాదు, వేరే పద్ధతిలో నేర్చుకుందాం’ అని. ఎవరూ చెప్పకపోతే తనే ‘మొద్దు’ అని పేరు పెట్టుకుంటాడు. రాత్రి పాఠం నువ్వే చదివి వినిపించు, వాడు నోటితో తిరిగి చెబితే చాలు. క్లాసులో లేపి చదివించొద్దని టీచరుగారిని విడిగా కలిసి అడుగు.

కళ్లూ చెవులూ చూపించాక కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి నేర్చుకునే ఇబ్బందులూ ఉన్నాయి. వైకల్య సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, బోర్డు నియమాల్ని బట్టి భాషల్లో మినహాయింపు అడగొచ్చు. అది తీసుకుంటే రేపు సంబంధాలు రావని అల్లుడుగారు అంటున్నారట. నాలుగో తరగతి వాడికి పెళ్లేమిటమ్మా!

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోకు. ‘నేను లేకపోతే బాగుణ్ణు’ లాంటి మాట వాడి నోట వస్తే తిట్టకు, ఒంటరిగా వదలకు. వెంటనే 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రైనా తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికీ ఆలస్యం చెయ్యకు.

కాకినాడ వెళ్లేటప్పుడు వాడి పాత నోటు పుస్తకాలు కూడా పట్టుకెళ్లు, డాక్టర్లకి పనికొస్తాయి. రాజోలు నుంచి ఒక్కరోజులో వెళ్లి రావడం వాడికి అలసట. ముందురోజు సాయంత్రమే మా ఇంటికి వచ్చేయండి, పొద్దున్న నేనూ మీతో వస్తాను.

మీ పిన్ని