హాస్టల్ సంగతి తర్వాత, ముందు ఆవిడ సంగతి

విశాఖలో ఉద్యోగం చేస్తూ, భార్యనూ పదకొండేళ్ల కొడుకునూ ఒడిశాలోని రాయగడలో అత్తవారింట ఉంచిన ఒక తండ్రి ఉత్తరం రాశారు. పదిహేను రోజులకోసారి రైల్లో వెళ్లొస్తారు. బాబు ఒడియా బడిలో చదువుతున్నాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. ఈయన ఏమడిగినా ఒడియాలో ఒక ముక్క చెప్పి లేచిపోతాడు. మొన్న ఒడియావాళ్ల ప్రథమాష్టమి పండక్కి మేనమామ తెచ్చిన చొక్కా వేసుకున్నాడట, తండ్రి తెచ్చింది మడత కూడా విప్పలేదట. ‘విజయనగరంలో హాస్టల్లో వేస్తే తెలుగు వస్తుంది, నాకు దగ్గరవుతాడు. ఏ క్లాసులో చేర్పించమంటారు?’ అని అడిగారు.

ఏ క్లాసులోనూ వద్దు. తల్లి దగ్గరున్న పిల్లవాణ్ణి అక్కడి నుంచి లాగేస్తే మీకు దగ్గరవుతాడని ఎలా అనుకున్నారు?

చొక్కా గురించి బాధపడకండి. ప్రథమాష్టమికి పెద్దబిడ్డకు మేనమామ ఇంటి బట్టలు కట్టడం ఆ ప్రాంతపు ఆచారం. మీ బావమరిది తన బాధ్యత తాను చేశాడు. భాషనూ తప్పుపట్టకండి. 1936లో ఒడిశా వేరైనప్పుడు మా పర్లాకిమిడి అటు వెళ్లింది. తెలుగులో పద్దులు రాసుకున్న తాతలూ, ఒడియాలో పరీక్షలు రాసిన మనవలూ ఒకే వరుసలో కూర్చుని అన్నం తిన్నారు.

అసలు విషయం మీ ఉత్తరం మధ్యలో ఉంది. ‘దసరాకి బాబు ముందే నా భార్యను, మీవాళ్ల పెంపకం ఇంతే అని గట్టిగా అనేశాను. తర్వాత సర్దుకున్నాం’ అన్నారు. మీరిద్దరూ సర్దుకున్నారు, సరే. వాడు విన్నది మాత్రం మీ తిట్టే. రోజూ ఫోన్ చేసి ‘తిన్నాడా, చదివాడా’ అని ఆవిడను అడిగి పెట్టేస్తానని కూడా రాశారు. రెండు పేజీల ఉత్తరంలో ఆవిడ ఎలా ఉందో ఒక్క మాట లేదు. ఇల్లూ, పెద్దవాళ్లూ, పిల్లవాడి చదువూ అన్నీ ఆవిడ నెత్తిన పెట్టి, చివరికి లెక్క అడిగితే ఏ బిడ్డ మనసు విరగదు? అమ్మను చిన్నబుచ్చిన నోటితో ‘నాన్నా’ అని పిలిస్తే పదకొండేళ్లవాడికి అన్నీ అర్థమవుతాయి. మన మగవాళ్లు చాలామంది భార్యను పక్కనపెట్టి మంచి తండ్రులు అయిపోదామనుకుంటారు. అలా కుదరదని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ రాత్రి ఫోన్ చేసి ఆవిడతోనే మాట్లాడండి, ఆవిడ గురించే. ఈసారి వెళ్లినప్పుడు బాబు ఎదుటే ‘ఆ రోజు నేనలా అనకూడదు’ అని ఆవిడతో చెప్పండి. వాడి ముందు అన్న మాట వాడి ముందే వెనక్కి తీసుకోవాలి.

ఆ తర్వాత వాడి ఒడియా పుస్తకం తెరవమనండి. అక్షరాల వరుస మనదే, అ ఆ ఇ ఈ. రెండూ తాటాకు మీద గీసిన లిపులే, అందుకే ఆ గుండ్రదనం. మా నాన్న నా పక్కన కూర్చుని అలాగే నేర్చుకున్నారు. మీరు ‘క’ అంటే వాడు ‘కొ’ అని దిద్దుతాడు, నవ్వుతాడు. నవ్వనివ్వండి. తెలుగు సంగతి అప్పుడే ఎత్తకండి, మీ నోట వినీవినీ వాడే అడుగుతాడు. బడి మీటింగుకు బావమరిదితో కలిసి వెళ్లండి, మాటలు అర్థం కాకపోతే అతనే చెబుతాడు.

ఆ చొక్కా ఎందుకు వేసుకోలేదని మాత్రం అడగకండి. బీరువాలోనే ఉండనివ్వండి. పొట్టిదైపోతే ఇంకొకటి కొనండి, ఈసారి రంగు ఆవిడను అడిగి.