ప్రేమికుల్ని వదిలేసి ఫ్రెండ్‌ని పట్టుకోండి

సెలవుల్లో పుట్టిన ప్రేమ బెడిసికొట్టే హాస్య నవల రాస్తున్నాను, హీరోయిన్ పక్కనుండే స్నేహితురాలికి ఏం పని ఇవ్వాలి అని అడిగారు. పని ఇవ్వడం ఏమిటండీ, కథంతా ఆవిడ చేతే చెప్పించండి. ఆ ఉద్యోగం చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

నేనూ నా ఫ్రెండూ నాలుగు రోజుల ట్రిప్‌కి వెళ్లాం. రెండో రోజు పడవెక్కితే సముద్రం మధ్యలో అలలు లేచాయి. అది భయపడిపోయి పక్కనున్న ఎవరో అబ్బాయి చెయ్యి పట్టేసుకుంది. ఇటు నా చెయ్యీ పట్టుకుంది. గోళ్లు దిగిన గుర్తులు వారం రోజులు ఉన్నాయి. ఒడ్డుకొచ్చాక దానికి గుర్తున్నది మాత్రం అటువైపు చెయ్యే.

దీనికి సైన్సు ఉంది. 1974లో డటన్, ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కెనడాలో జరిపిన ప్రయోగం ఒకటి అచ్చయింది. దాదాపు 230 అడుగుల ఎత్తున ఊగే వంతెన దాటుతున్న మగవాళ్లని ఒక అమ్మాయి ఆపి, ఏవో ప్రశ్నలడిగి, ఫోన్ నంబరు ఇచ్చింది. తీసుకున్న 18 మందిలో 9 మంది తర్వాత ఫోన్ చేశారు. ఊగని వంతెన మీద తీసుకున్న 16 మందిలో ఇద్దరే. భయంతో కొట్టుకునే గుండెని మనం ప్రేమ ఖాతాలో రాసేసుకుంటామన్నమాట. సెలవుల ప్రేమలన్నీ ఇంతే, నన్నడిగితే.

ట్రిప్‌లో మిగిలిన రెండు రోజులూ నేను వాళ్లిద్దరికీ ఫొటోగ్రాఫర్‌ని. ఇలాంటి నవలల్లో ఫ్రెండ్‌కి ఆకలి, ఎండదెబ్బ, విసుగు ఏవీ ఉండవు. సలహా చెప్పడానికి గదిలో కాచుకుని కూర్చుంటుంది. పైగా ఎవరికీ లీవు అయిపోదు. నాకు మాత్రం రోజూ ఆఫీసు నుంచి ఫోన్లే.

ఇంటికొచ్చిన మూడు వారాలకి అతన్ని కలుద్దామంది, ఈసారి గట్టి నేల మీద. నన్ను తోడు రమ్మంది. నేను వెనక టేబుల్ దగ్గర కూర్చోవాలి. అది రెండుసార్లు దగ్గితే ఫోన్ చేసి అర్జెంటుగా రమ్మనాలి. అదీ ఒప్పందం.

అతను బైకు చైను శుభ్రం చేయడం గురించి మొదలుపెట్టాడు. పదో నిమిషంలో ఇది దగ్గింది. కానీ దానికి ముందు రోజు నుంచే జలుబు! నేను నీళ్లు తాగమని సైగ చేశాను. కళ్లు పెద్దవి చేసుకుని మళ్లీ దగ్గింది. పాపం, ముదిరిందనుకున్నాను. అతను కూడా జాలిపడి గ్లాసు దానివైపు జరిపి, ఏ నూనె వాడాలో చెప్పుకుపోయాడు. మొత్తం నలభై నిమిషాలు.

బయటికి రాగానే నా మీద పడింది. "జలుబుకీ ఆపదకీ తేడా తెలీదుటే నీకు?"

"జలుబు పెట్టుకుని ఎవరైనా దగ్గు సిగ్నల్ పెడతారటే? చెంచా కింద పడేయొచ్చుగా!"

రెండు వారాలు మాటల్లేవు. అంత గొడవలోనూ అతని పేరు ఒక్కసారి కూడా రాలేదు, గమనించండి. మీ నవలకి కావలసింది ఆ గొడవ. పడవ సీను రెండు పేజీల్లో తేల్చేయండి.

చివరికి తనే మెసేజ్ పెట్టింది, నేను తీసిన ఫొటోల్లో తను బాగా పడినవి పంపమని. అతన్ని కత్తిరించి మరీ పంపాను. ఒకదాంట్లో భుజం మీద రెండు వేళ్లు మిగిలిపోయాయి. ఇప్పటికీ దాని ప్రొఫైల్ ఫొటో అదే. ఎవరు అడిగినా అవి నా వేళ్లని చెబుతుంది. నేనూ అవుననే అంటున్నాను. ఆ వెంట్రుకలు చూసి కూడా అందరూ నమ్మేస్తున్నారు, అదే నా బాధ.