గాలికి షెడ్డు లేచిపోతే తప్పు గాలిదేనా?

ప్రశ్న: మాది విజయవాడ. ఎండకు కారు రంగు వెలిసిపోతోందని 2024లో ఇంటి ముందు 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున రేకుల షెడ్డు వేయించాను. వెల్డింగ్ షాపతను మెటీరియల్, కూలీ కలిపి 1,85,000 రూపాయలకు ఒప్పుకున్నాడు. 1,35,000 నగదుగా ఇచ్చాను. పని పూర్తయ్యాక, ఉగాదికి నాలుగు రోజుల ముందు, ఏప్రిల్ 5న చివరి 50,000 ఫోన్‌పేలో పంపాను. 'పదేళ్లు కదలదు సార్' అన్నాడు. మే రెండో వారంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి షెడ్డు మొత్తం పైకి లేచి కారు మీద పడింది. రెండు రేకులు ఎగిరి పక్కింటి కిటికీ అద్దాలు పగలగొట్టాయి. ఆ కారు మా మామగారు పోయే ముందు కొనిచ్చినది. మా ఆవిడ ఇప్పటికీ ఆ రోజు తలుచుకుని ఏడుస్తుంది. ఆ రోజు గంటకు 60 కిలోమీటర్ల గాలి వీచిందని పేపర్లో వచ్చింది. రెండేళ్లుగా 'వస్తున్నా, చేస్తున్నా' అంటూ తిప్పుకున్నవాడు ఇప్పుడు 'గాలి దేవుడి పని, నాకేం సంబంధం? ఎస్టిమేట్ వెనక గాలివానకు గ్యారంటీ లేదని ఉంది చూసుకో' అంటున్నాడు. నా దగ్గర బిల్లు లేదు. మా బావమరిది స్నేహితుడికి స్టీలు షాపు ఉంది, పాత తేదీతో బిల్లు రాయించి ఇస్తానంటున్నాడు. చీటింగ్ కేసు పెట్టమని ఇంకొకరు అంటున్నారు. విరిగిన ఇనుము చాలా భాగం పాత సామాన్లవాడికి వేసేశాను. నాకు న్యాయం జరుగుతుందా? - ఒక పాఠకుడు

జవాబు: మీ లేఖ మూడు పేజీలు ఉంది. అందులో కారు ఎవరు కొనిచ్చారు, ఎవరు ఎంత బాధపడ్డారు అనేది రెండు పేజీలు. కేసును తేల్చే మాట మాత్రం ఒకే ఒక్క వాక్యంలో, అదీ యథాలాపంగా రాశారు: 'గంటకు 60 కిలోమీటర్ల గాలి'. అక్కడి నుంచే మొదలుపెడతాను.

'దేవుడి పని' అన్న వాదన చట్టంలో ఉంది. కానీ దాన్ని ఎత్తుకున్నవాడే రుజువు చేయాలి. గాలి వచ్చింది అంటే చాలదు, అలాంటి గాలి ఇక్కడ వస్తుందని ఎవరూ ఊహించలేరని చూపాలి. 1987లో సుప్రీంకోర్టు ఎస్. వేదాంతాచార్య కేసులో ఇదే తేల్చింది. భారీ వర్షానికి కల్వర్టు కూలి బస్సు ప్రమాదానికి గురైంది. 'వర్షం వల్ల కూలింది, మేమేం చేస్తాం' అని హైవేస్ శాఖ అంటే కోర్టు ఒప్పుకోలేదు. వర్షాలు, వరదలు వస్తాయని తెలిసినప్పుడు ముందే కల్వర్టు గట్టిగా ఉండేలా చూసుకోవాలి కదా అంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మాడ్చి సాయంత్రం ఈదురుగాలి తోలడం కృష్ణా తీరంలో పుట్టినవాడికి కొత్త సంగతా? దాన్ని ఊహించలేదని వెల్డింగ్ షాపు పెట్టినవాడు చెబితే నవ్వుతారు.

ఊహించాల్సిన గాలి ఎంత? దీనికీ రాతపూర్వకమైన లెక్క ఉంది. కట్టడాల మీద గాలి భారానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 875, మూడో భాగం. 2015లో సవరించారు. అందులో విజయవాడకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. విశాఖకూ అంతే. హైదరాబాద్‌కు 44, కర్నూలుకు 39 మీటర్లు. తుపాను తీరానికి దగ్గరగా ఉన్నందుకే మనకు ఎక్కువ పెట్టారు. అది చట్టం కాదు గాని, వినియోగదారుల కమిషన్ ముందు పనితనాన్ని కొలిచే గజంబద్ద అదే.

ఇప్పుడు ఆ లెక్క మీ షెడ్డుకు వేసి చూడండి. గాలి ఒత్తిడి వేగం వర్గానికి తగినట్టు పెరుగుతుంది. సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి పెడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి పెట్టేది 17 కిలోలు మాత్రమే. మీ కప్పు సుమారు 20 చదరపు మీటర్లు. అంటే రమారమి మూడు టన్నులను లెక్కలోకి తీసుకుని కట్టాల్సిన షెడ్డు మూడున్నర క్వింటాళ్లకే లేచిపోయింది. ఎత్తును బట్టి, చుట్టూ ఉన్న ఇళ్లను బట్టి, కప్పు ఆకారాన్ని బట్టి అంకెలు మారతాయి. అది ఇంజినీరు పని. కానీ తొమ్మిదో వంతు ఒత్తిడికే లేచిపోయిందన్న మాట ఎలా లెక్క వేసినా పెద్దగా చెరగదు. పక్కలు తెరిచి ఉన్న షెడ్డు కిందికి గాలి దూరి పైకి ఎత్తుతుంది. మన దగ్గర చాలామంది షెడ్డు కింద పడకుండా కడతారు, పైకి లేవకుండా కట్టరు. మీ కేసు మొత్తం ఈ ఒక్క తేడా మీద నిలబడుతుంది.

ఇక మీరు చేసిన పని. విరిగిన ఇనుమును పాత సామాన్లవాడికి ఎలా వేశారండీ? పైపు మందం ఎంతో చూపడానికి పైపు లేదు. వెల్డింగు చుట్టూ వేశాడా, నాలుగు చుక్కలు పెట్టి వదిలేశాడా చూపడానికి అతుకు లేదు. ఆ రోజు మీకు కిలోకు ఎంత వచ్చిందో గాని, మీ సాక్ష్యాన్ని తూకానికి అమ్మేశారు.

అయినా అంతా పోలేదు. గచ్చులో నాలుగు బేస్ ప్లేట్లు (స్తంభాల కింది ఇనుప పలకలు), బోల్టులు ఇంకా ఉన్నాయని, ఒక స్తంభం పెరట్లో పడి ఉందని లేఖ చివర రాశారు. ఇవాళ నుంచి వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. కొత్త గచ్చు వేయించకండి. స్ట్రక్చరల్ ఇంజినీరును ఒకరిని పిలిచి, రాతపూర్వక నివేదిక తీసుకోండి. పైపు మందం వెర్నియర్‌తో కొలిచి ఫొటో తీయించండి. ప్లేటు ఎన్ని మిల్లీమీటర్లు, కాంక్రీటు పునాదిలో జె బోల్టులు (కింది కొన వంచిన పొడవాటి బోల్టులు) దించాడా లేక ఉన్న గచ్చుకే డ్రిల్లు కొట్టి యాంకర్ ఫాస్టెనర్లు బిగించాడా, బోల్టు గచ్చుతో సహా ఊడి వచ్చిందా, ప్లేటు దగ్గర వెల్డింగు తెగిందా - నివేదికలో ఈ నాలుగూ ఉండాలి. మొత్తం షెడ్డు 'పైకి లేచింది' అని మీరు రాసిన మాటను బట్టి తప్పు పాదాల దగ్గరే ఉందని నా అనుమానం. అదృష్టం, పాదాలు మిగిలాయి.

పేపరు కత్తిరింపు సాక్ష్యం కాదు, ఎవరో విన్న మాట. వాతావరణ శాఖ అమరావతి కేంద్రానికి రాసి, ఆ రోజు గన్నవరం విమానాశ్రయం దగ్గర నమోదైన గరిష్ఠ గాలి వేగం అడగండి. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజు కట్టి దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు వచ్చేదాకా కేసు ఆపకండి. కాగితం తర్వాత దాఖలు చేసుకోవచ్చు, గడువు తర్వాత రాదు.

గడువు దగ్గర మీరు చూపిన నిర్లక్ష్యం మొదటిదానికంటే పెద్దది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం కేసుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. ఈ జవాబు రాస్తున్నది 2026 మార్చి మొదటి వారంలో. షెడ్డు పడిన రోజు నుంచి లెక్కపెడితే మే దాకా టైముందని మీరు అనుకుంటారు. అవతలి లాయరు అలా లెక్కపెట్టడు. 'లోపం ఉంటే కట్టిన రోజే ఉంది, పని ముగిసి డబ్బు ముట్టింది 2024 ఏప్రిల్ 5న, కాబట్టి 2026 ఏప్రిల్ 5తో సరి' అంటాడు. నెగ్గుతాడా లేదా తర్వాతి మాట. ఆ వాదనకు చోటే ఇవ్వకండి. ఈ నెల 19న ఉగాది, ఆలోపే ఫిర్యాదు వేసేయండి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గాని, సరైన కారణం చూపాలి. 'వస్తానన్నాడు, నమ్మాను' అనేది అన్నిసార్లూ చెల్లదు. అతను పంపిన 'వస్తున్నా సార్' మెసేజీలు వంద ఉన్నా గడువు ఒక్కరోజు పెరగదు. లీగల్ నోటీసు ఇచ్చినా పెరగదు. అసలు వినియోగదారుల కేసుకు ముందు నోటీసు తప్పనిసరి కూడా కాదు.

బావమరిది స్నేహితుడి బిల్లు సంగతి. ఆ మాట ఇంకోసారి ఎవరి దగ్గరా అనకండి. లేని బిల్లు పుట్టించి విచారణలో పెడితే అది తప్పుడు సాక్ష్యం సృష్టించడం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద న్యాయ విచారణలో దానికి ఏడేళ్ల దాకా జైలు ఉంది. నీతి సంగతి పక్కన పెట్టినా, బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటుంది. ఆ షాపు ఆ నెల రిటర్నులో ఆ బిల్లు చూపిందా అని అవతలివాళ్లు అడిగిన క్షణాన మీ నిజమైన కేసు కూడా పోతుంది. పైగా మీ షెడ్డు వేసినవాడు ఒకడు, బిల్లు ఇచ్చేవాడు ఇంకొకడు. అడ్డంగా దొరికిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

బిల్లు లేకపోయినా మీకు ఉన్నవి చాలు. ఫోన్‌పేలో 50,000 వెళ్లిన బ్యాంకు స్టేట్‌మెంటు ఉంది. నగదు ఇచ్చిన రోజుల్లో మీరు బ్యాంకు నుంచి తీసిన మొత్తాలు అదే స్టేట్‌మెంటులో కనబడతాయి. అతని చేతిరాతతో ఎస్టిమేటు ఉంది. 'డబ్బు అందింది సార్' అన్న వాయిస్ మెసేజ్ ఉందని రాశారు, అది బంగారం. అది ఉన్న పాత ఫోను ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేద్దామనుకుంటున్నట్టు కూడా రాశారు! ఇవ్వకండి. ఆ ఫోనే చూపగలిగితే అదే అసలు సాక్ష్యం. కాపీలు, ప్రింట్లు పెడితే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద, వాటిని ఏ ఫోనులోంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జత చేయాలి. కమిషన్లు సాక్ష్య నియమాలను కోర్టులంత బిగుతుగా పట్టుకోవు గాని, మనం వదులుగా ఉండాల్సిన అవసరం లేదు.

చీటింగ్ కేసు పెట్టమన్నవారికి నమస్కారం చెప్పండి. మొదటి రోజే మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని చూపలేకపోతే నాసిరకం పని మోసం నేరం కాదు. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతుంటే ఏప్రిల్ వెళ్లిపోతుంది.

ఎస్టిమేటు వెనక అచ్చువేసిన 'గ్యారంటీ లేదు' గురించి ఒక చిన్న మెలిక ఉంది. దాన్ని 'అన్యాయమైన కాంట్రాక్టు' అంటూ ఫిర్యాదులో గట్టిగా రాయాలనిపిస్తుంది. రాయకండి. 2019 చట్టంలో అన్యాయమైన కాంట్రాక్టు ఫిర్యాదులు రాష్ట్ర కమిషన్‌కే వెళ్తాయి, జిల్లాలో తిప్పి పంపుతారు. మీరు అడగాల్సింది సేవాలోపం, నాసిరకం సామాను. గాలివానకు గ్యారంటీ లేదనడం వేరు, గాలివానకు నిలిచేలా కట్టకపోవడం వేరు. గృహనిర్మాణం కూడా 'సేవ' కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో చెప్పింది.

జిల్లా కమిషన్ 50 లక్షల దాకా చెల్లించిన లావాదేవీలు వింటుంది. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీరు ఉండే ఊళ్లోనే వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు, ఈ మాట లాయరునైన నేనే చెబుతున్నాను. అయితే ప్రతివాదిగా బోర్డు మీది షాపు పేరు ఒక్కటే రాసి ఊరుకోకండి. యజమాని పేరు రాసి, 'ఫలానా షాపు యజమాని' అని చేర్చండి. ఫోన్‌పేలో డబ్బు ఎవరి పేరున వెళ్లిందో చూస్తే అది దొరుకుతుంది. రేపు గెలిచినా షాపు బోర్డు నుంచి డబ్బు వసూలు చేయలేరు.

షెడ్డు డబ్బు వాపసు, దాని మీద వడ్డీ, ఇంజినీరు ఖర్చు, మానసిక వేదన, కోర్టు ఖర్చులు అడగండి. మీ ఆవిడ కన్నీళ్లకు చోటు ఆ మానసిక వేదన దగ్గరే, రెండు లైన్లు చాలు. కారు సంగతి జాగ్రత్త. బీమా కంపెనీ రిపేరుకు ఎంత ఇచ్చిందో మీరు రాయలేదు. ప్యాకేజీ పాలసీ (మీ కారుకు జరిగే నష్టానికీ వర్తించేది) అయితే గాలివాన నష్టం దాని కిందికి వస్తుంది. బీమా ఇచ్చిన మొత్తం మళ్లీ అడగకండి, ఆ హక్కు బీమా కంపెనీకి వెళ్తుంది. తరుగుదల కింద కోత పెట్టింది, మీ జేబు నుంచి పడింది మాత్రమే అడగండి. పక్కింటి అద్దాలకు మీరు డబ్బు ఇచ్చి ఉంటే వారి దగ్గర రసీదు తీసుకుని అదీ కలపండి. వారికి జవాబు చెప్పాల్సింది ముందు మీరే, షెడ్డు మీది కాబట్టి.

ఒకటి దాచకుండా చూసుకోవాలి. 'ఇంటి ముందు' అన్నారు. ఆ జాగా మీ ప్లానులో ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాకా? అనుమతి తీసుకున్నారా? అనుమతి లేకపోతే అవతలివాడు మొదటి పేజీలోనే ఆ మాట ఎత్తుతాడు. అంతమాత్రాన అతని నాసి పని మాఫీ కాదని నా అభిప్రాయం, కానీ ప్లాను కాపీ చేతిలో పెట్టుకుని వెళ్లడం నయం. కార్పొరేషన్ నోటీసు ఏమన్నా వచ్చి ఉంటే నాకు విడిగా రాయండి.

మళ్లీ షెడ్డు వేయించేటప్పుడు నోటి మాట వద్దు. ఒక పేజీ ఒప్పందం చాలు: ఐఎస్ 875 ప్రకారం సెకనుకు 50 మీటర్ల గాలికి ఇంజినీరు సంతకం చేసిన డ్రాయింగు, పైపు మందం, పునాది లోతు, జె బోల్టుల సైజు, రేకు రకం అందులో ఉండాలి. ఎండ కోసమే అయితే లేత రంగు రేకు తీసుకోండి, వేడి కాస్త తక్కువ పీలుస్తుంది. పక్కలు మూసేస్తే మన ఎండకు లోపల పొయ్యిలా ఉంటుంది, తెరిస్తే గాలి ఎత్తుతుంది. తెరిచే ఉంచండి, పాదాలు గట్టిగా వేయించండి. డబ్బు అంతా బ్యాంకు ద్వారానే ఇవ్వండి, చివరి పదోవంతు ఒక వానాకాలం గడిచాక ఇస్తానని రాసుకోండి.

ముందు ఈ వారం ఇంజినీరును పిలవండి, గచ్చులోని ఆ నాలుగు ప్లేట్ల మీద ఒక టార్పాలిన్ కప్పండి.