టెన్షన్‌లో తెలిసిన టీవీ ముఖం చూస్తే మనసు ఎందుకు కుదుటపడుతుంది?

ఏళ్ల తరబడి చూసిన యాంకర్‌ని మన మనసు దాదాపు ఇంటికొచ్చే మనిషిగానే లెక్కేసుకుంటుంది, అందుకే ఆ ఊరట. ఈ ఒకవైపు పరిచయాన్ని అమెరికా పరిశోధకులు 1956లోనే గుర్తించి ‘పారాసోషల్’ అన్నారు. కంగారులో ఉన్న మెదడు తర్వాత ఏమవుతుందో అని కాపలా కాస్తూ ఉంటుంది. తెలిసిన గొంతు, ఎప్పుడొస్తుందో ముందే తెలిసిన నవ్వు ఎదురైతే ఆ కాపలా కాస్త సడలుతుంది. (అరిచే న్యూస్ డిబేట్లకు ఇది వర్తించదు లెండి.)

బరంపురంలో ఒక తెలుగు కుటుంబాన్నే ఊహించండి. నాన్న ఆసుపత్రిలో ఉన్నారు. కూతురు రోజంతా వార్డులో ఒడియాలో మాట్లాడి, రాత్రి పదింటికి ఇల్లు చేరింది. చల్లారిన పప్పన్నం కలుపుకుంటూ ఫోన్‌లో పాత ఎపిసోడ్ పెట్టుకుంది: పాట అయ్యాక పిల్లవాడి ఉచ్చారణ దిద్దుతున్న బాలుగారు. ఆయన 2020లోనే పోయారని ఆమెకు తెలుసు. అయినా ఆ తెలుగు చెవిన పడుతుంటే ముద్ద దిగుతుంది.

ఒంటరివాళ్లకే ఇలా ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు, ఇంటినిండా మనుషులున్నవాళ్లకీ ఉంటుంది. కాకపోతే టీవీలో మనిషి మన మాట వినలేరు. ఆ పని పక్కింటివాళ్లే చేయాలి.