పాత బీకన్ కొంటే ఫోను ఎవరికి వెళ్తుంది?

ప్రశ్న: మా అబ్బాయి సరుకుల ఓడలో ఉద్యోగానికి వెళ్తున్నాడు. ఎవరో విదేశంలో వాడిన పర్సనల్ లొకేటర్ బీకన్ ఆన్‌లైన్‌లో సగం ధరకే దొరుకుతోంది. కొనిస్తే వాడు ఎక్కడున్నాడో మా ఫోనులో కనిపిస్తుందా?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: కనిపించదు. పిల్లల్ని ఓడ ఎక్కిస్తున్న తల్లిదండ్రులు నల్లగొండ నుంచి, జడ్చర్ల నుంచి ఇదే అడుగుతున్నారు. తాళంచెవులకు తగిలించే బ్లూటూత్ బిళ్లనూ, ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడే బీకన్‌నూ ఒకే వరుసలో పెట్టి అమ్మేవారిని అనాలి. ఆ బిళ్లకు చుట్టుపక్కల ఎవరి ఫోనో ఉండాలి. నడిసముద్రంలో ఎవరిది ఉంటుంది?

బీకన్ మీట నొక్కేదాకా ఉలకదు, పలకదు. నొక్కాక దాదాపు 50 సెకన్లకొకసారి 406 మెగాహెర్ట్జ్ మీద తన గుర్తింపు సంఖ్యను, జీపీఎస్ ఉన్న రకమైతే తానున్న చోటును కూడా కాస్పాస్-సర్సాట్ అనే అంతర్జాతీయ గాలింపు-రక్షణ వ్యవస్థ ఉపగ్రహాలకు పంపుతుంది. మన వైపు ఆ సమాచారం బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి, అక్కడి నుంచి కోస్ట్ గార్డ్‌కు చేరుతుంది. దీనికి నెలవారీ చందా ఏమీ లేదు.

నన్ను భయపెడుతున్నది ఆ సగం ధర. గుర్తింపు సంఖ్యలోనే దేశం కోడ్ ఉంటుంది. దాని వెనుక ఆ దేశపు రిజిస్టర్‌లో పాత యజమాని పేరు, ఆయన ఇంటివాళ్ల నంబర్లు ఉంటాయి. పొరపాటున మోగే బీకన్లు చాలా ఎక్కువ కాబట్టి అధికారులు ముందు ఆ నంబర్లకే ఫోను చేస్తారు. మీ అబ్బాయి బంగాళాఖాతంలో ఈదుతుంటే, ఎక్కడో ఒక పెద్దమనిషి ఫోనెత్తి 'నేను ఇంట్లోనే ఉన్నానే, అది ఎప్పుడో అమ్మేశాను' అంటాడు. గాలింపు ఆగిపోతుందని కాదు. ఏ ఓడ, ఎవరు, ఎంతమంది అనేది తేలేసరికి విలువైన సమయం పోతుంది. వాడినది కొనే తీరాలంటే అధీకృత సర్వీసు కేంద్రంలో మన దేశపు కోడ్ వేయించి, ఇస్రో కేంద్రంలో మీ నంబరుతో నమోదు చేయించండి. బ్యాటరీ గడువు తేదీ, సీలు చూడకుండా డబ్బు కట్టకండి. పనిచేస్తోందో లేదో చూడాలని డాబా ఎక్కి అసలు మీట నొక్కకండి. పరీక్షకు వేరే బటన్ ఉంటుంది.

ఇక తయారీదారుల మీద నా ఫిర్యాదు. నీళ్లలో పడ్డవాడు మూత తీయాలి, చుట్టి ఉన్న యాంటెన్నా విప్పాలి, మీట నొక్కాలి, ఆపైన యాంటెన్నాను ఆకాశం వైపు నిలిపి పట్టుకోవాలి. అలల్లో, వణికే వేళ్లతో! స్పృహ తప్పితే ఇందులో ఒక్కటీ జరగదు. క్యాబిన్ సొరుగులో ఉండిపోయిన బీకన్ గురించి చెప్పనే అక్కర్లేదు.

పడ్డవాడికి అందరికంటే దగ్గరగా ఉండేది అతని ఓడే. ఓడలు తామున్న చోటును రేడియోలో ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతిని ఏఐఎస్ అంటారు. లైఫ్ జాకెట్ ఉబ్బగానే తనంతట తానే మోగే ఏఐఎస్ బీకన్లు ఉన్నాయి. వాటి సంకేతం కొద్ది మైళ్లే వెళ్తుంది, కానీ సొంత ఓడ తెరమీద, దగ్గరి ఓడల తెరల మీద కనిపిస్తుంది. ఇటు ఓడలకు, అటు ఉపగ్రహాలకు రెండింటికీ సంకేతం పంపే పరికరాలు కూడా వచ్చాయి. కంపెనీ ఇచ్చే జాకెట్‌లో ఏది ఉందో మీ అబ్బాయినే అడగమనండి. ఏదీ లేకపోతే అలాంటిది కొత్తదే కొనండి.